కుమాయూన్ కొండలలో పక్షుల మెట్లు

హిమాలయము లనగానే సామాన్యముగా మంచు శిఖరములు జ్ఞప్తికి వచ్చును. కాని పక్షులను, వన్యమృగములను చూడగోరి పోవువారికి మంచుతో అంతగా పనిలేదు. ఏడాది పొడుగునా మంచు కప్పియుండు తావులలో జీవరాశి స్వల్పము. అసలైన సంపద ఆ శిఖరములకు దిగువను, మైదానము ముగిసి కొండ మొదలగు చోటు నుండి రెండున్నర వేల మీటర్ల ఎత్తువరకు వ్యాపించిన అడవులలో నున్నది.

ఉత్తరాఖండ రాష్ట్రమందలి కుమాయూన్ ప్రాంతము దీనికి చక్కని ఉదాహరణము. ఈ రాష్ట్ర వైశాల్యము దేశ వైశాల్యములో సుమారు అరవయ్యవ వంతు మాత్రమే. అయినను భారతదేశమున గల పక్షిజాతులలో దాదాపు సగము, అనగా ఏడువందలకు పైగా జాతులు ఇచట గుర్తింపబడినవి. ఇంత చిన్న తావులో ఇన్ని జాతులు ఎట్లు ఇమిడినవి? మార్గదర్శి వెంట నాలుగైదు దినములు ఈ కొండలలో నడచిన వారికి ఈ ప్రశ్నకు జవాబు కండ్లయెదుటనే కనబడును.

కొండయే నిచ్చెన

కొండల అడుగున నున్న కాఠ్‌గోదాం రైల్వే స్టేషను సముద్రమట్టమునకు సుమారు 550 మీటర్ల ఎత్తున నున్నది. నైనితాల్ సరస్సు సుమారు 1,940 మీటర్ల ఎత్తునను, ఆ సరస్సుపై లేచిన నైనా శిఖరము 2,600 మీటర్లకు పైబడిన ఎత్తునను ఉన్నవి. పటముపై తిన్నగా గీత గీచి కొలిచినచో స్టేషనుకును శిఖరమునకును నడుమ దూరము సుమారు ఇరువది కిలోమీటర్లే. వేయి మీటర్లు ఎక్కినకొలది గాలి ఉష్ణోగ్రత సగటున ఆరున్నర సెంటిగ్రేడు డిగ్రీలు తగ్గును. కావున ఈ ఇరువది కిలోమీటర్లలోనే పదమూడు డిగ్రీల మార్పు కలుగుచున్నది. సమతలముపై ఇంత మార్పు పొందవలెనన్న ఉత్తరముగా వేయి కిలోమీటర్లకు మించి ప్రయాణము చేయవలసియుండును.

ఉష్ణోగ్రతతో పాటు చెట్లును మారును. అడుగున, గులకరాళ్లు పేరుకొన్న భాబర్ నేలలో, తెలుగున గుగ్గిలపు చెట్టనబడు సాలవృక్షపు అడవి. దానిపై సూదులవంటి ఆకులు గల చీడ్ దేవదారు జాతి చెట్లు. ఇంకను పైకి పోగా బాంజ్ అనబడు సింధూర వృక్షములు, వాని నడుమ వసంతమున ఎర్రగా పూచు బురాంస్ చెట్లు. ఆపైన అసలు దేవదారువులు. ఒక్కొక్క అడవి ఒక్కొక్క మెట్టు. ప్రతి మెట్టుకు దాని పక్షులు దానికి కలవు.

పికిలిపిట్టల సంగతి చూచినచో ఇది తేటపడును. తెలుగునాట పెరటి చెట్లపై కనబడు, తోక క్రింద ఎరుపు గల పికిలిపిట్ట ఇచట భాబర్ నేలలోను కలదు. కొంచెము పైకెక్కగానే దాని స్థానమున తెల్లని చెక్కిళ్లు, ముందుకు వంగిన కుచ్చుతల గల హిమాలయ పికిలిపిట్ట కనబడును. సింధూరపు అడవిలో ఎర్రని ముక్కు గల నల్ల పికిలిపిట్టలు గుంపులుగా కూయును. పొడవైన తోక గల నీలి మాగ్‌పై పక్షుల కథయు ఇట్టిదే. ఎర్రముక్కు జాతి దిగువ లోయలను, పచ్చముక్కు జాతి పై అడవులను ఆశ్రయించినవి. ఈ సరిహద్దులు గోడలవలె ఖచ్చితమైనవి కావు, కొంతదూరము ఒకదానిలో నొకటి కలిసియుండును. అయినను అనుభవము గల మార్గదర్శి కండ్లు మూసికొని కూతలు విన్నను, తాను నిలిచిన ఎత్తును సుమారుగా చెప్పగలడు.

ఋతువులతో ఎక్కిదిగుట

ఈ నిచ్చెనపై పక్షులు కదలక కూర్చుండవు. చలికాలమున పైమెట్లలో పురుగులు, పండ్లు కరవగును. అపుడు పెక్కు జాతులు క్రిందికి దిగివచ్చి, వసంతమున మరల పైకిపోవును. సముద్రములు దాటు వలస కంటె ఈ వలస మిక్కిలి చౌక. కొన్ని గంటల ప్రయాణముతో పక్షికి శీతోష్ణస్థితి మారును. ఎత్తైన కొండకొమ్ముల రాతి చరియలపై పాకుచు పురుగుల నేరుకొను వాల్‌క్రీపర్ అను చిన్న పిట్ట శీతకాలమున రామ్‌నగర్ సమీపమున కోసీ నదీతీరపు రాళ్లకు దిగును. అచటనే, క్రిందికి వంగిన ఎర్రని ముక్కు గల ఐబిస్‌బిల్ పక్షియు చేరును. దాని బూడిదవన్నె దేహము గులకరాళ్లలో ఎంతగా కలిసిపోవు ననగా, అది కదలువరకు దుర్భిణికి కూడ అందదు.

మరికొన్ని పక్షుల వలస తెలుగుదేశమును ఈ కొండలతో ముడివేయుచున్నది. శీతకాలమున తెలుగునాట తోటలలో ఆకుల నడుమ క్షణమైన నిలువక తిరుగు పచ్చని గ్రీనిష్ వార్బ్లరు పిట్టలు వేసవిలో గూళ్లు కట్టు తావులలో హిమాలయములు ఒకటి. తొమ్మిది రంగులదిగా పేరొందిన పొన్నంకి పిట్ట చలికాలమును దక్షిణదేశమున గడపి, వేసవి చివర కొండల పాదమునందలి అడవులకు వచ్చి పిల్లల నెత్తును. కావున కుమాయూన్ లోయలో ఒక అడవి నశించినచో, ఆ లోటు ఒకనాటికి ఆంధ్రదేశపు మామిడితోటలో కూడ తెలియును.

కన్ను కంటె చెవి ముందు

ఇట్టి యాత్రకు కావలసిన పరికరములు స్వల్పము. ఒక దుర్భిణి, ఒక గుర్తుల పుస్తకము, ఆకులలో కలిసిపోవు రంగు బట్టలు. దుర్భిణిపై 8×42 అని వ్రాసియుండుట చాలమంది చూచియుందురు. ఇందు మొదటి సంఖ్య వస్తువు ఎన్నిరెట్లు దగ్గరగా కనబడునో తెలుపును. రెండవది ముందరి కటకపు వ్యాసము, మిల్లీమీటర్లలో. రెండవ సంఖ్యను మొదటి సంఖ్యచే భాగించినచో కంటిలోనికి వచ్చు వెలుగుచుక్క వ్యాసము లభించును. ఇచట అది ఐదు మిల్లీమీటర్లకు పైగా నుండును. తెల్లవారుజామున చీకటి అడవిలో మనుష్యుని కంటిపాప ఇంచుమించు అంతగా విప్పారును గనుక, ఇట్టి దుర్భిణి అచట చక్కగా పనిచేయును. పది, పన్నెండు రెట్లవి మరింత పెద్దగా చూపును గాని, చేతి వణుకును కూడ అంతగానే పెంచును.

అయితే అడవిలో మొదట పనికివచ్చునది కన్ను కాదు, చెవి. కొత్తగా వచ్చినవానికి ఆకులు మాత్రమే కనబడుచున్నపుడు, మార్గదర్శి వ్రేలితో ఒక కొమ్మను చూపును. లోయ అంతయు మారుమ్రోగునట్లు రోజంతయు అరచునది గ్రేట్ బార్బెట్. తెలుగువారెరిగిన కంసాలి పిట్టకు ఇది పెద్ద బంధువు. తెల్లవారకముందే కొండచరియ నుండి ఒక బొంగురు కూత లేచి, దానికి ప్రక్క చరియ నుండి, ఆవలి చరియ నుండి జవాబులు వచ్చినచో అవి కోక్లాస్ ఫెజంట్లు. ఫెజంట్లు నెమలి, కోడి కుటుంబమునకు చెందిన పక్షులు. కోక్లాస్, చీర్ అను పేర్లు వాని కూతలనుబట్టియే ఏర్పడినవి. వేసవి మొదట కూయు ఒకజాతి కోకిల స్వరములో కుమాయూన్ ప్రజలు 'కాఫల్ పండ్లు పండినవి' అను మాటను విందురు. సరిగా ఆ కాలముననే అడవిలో కాఫల్ పండ్లు పండును. ఈ విధముగా పక్షిశాస్త్రపు మొదటి పాఠములు గ్రామస్థుల నోటనే నిలిచియున్నవి.

గుంపులోని గణితము

నైనితాల్‌కు దిగువను సుమారు 1,370 మీటర్ల ఎత్తున సాత్‌తాల్ సరస్సులు కలవు. శీతకాలమున ఇచట నడచునపుడు ఒక వింత అనుభవము కలుగును. అరగంటసేపు ఒక్క పిట్టయు కనబడదు. ఉన్నట్లుండి చుట్టును చెట్లన్నియు పిట్టలతో నిండిపోవును. ఐదు నిమిషములలో మరల నిశ్శబ్దము. ఇది పెక్కు జాతులు కలిసి తిరుగు వేటమంద.

ఇందులో టిట్ పిట్టలు కొమ్మల చివరలను వెదకును. వార్బ్లరులు ఆకుల అడుగును వెదకును. నట్‌హ్యాచ్ పిట్ట తలక్రిందుగా మ్రాను దిగుచు బెరడు పగుళ్లను చూచును. ట్రీక్రీపర్ క్రిందినుండి పైకి ప్రాకును. వడ్రంగిపిట్ట బెరడును త్రవ్వును. ఎవరి తావు వారిదే గనుక ఆహారమునకై పోటీ తక్కువ. డేగ వచ్చుచున్నదా యని చూచుటకు మాత్రము అన్ని కన్నులును అందరికిని ఉపయోగించును. ఒంటరి పిట్ట నిమిషనిమిషము తలయెత్తి చూడవలెను, మందలోని పిట్ట ఆ సమయమును మేతకు వినియోగించుకొనును. చలిరాత్రి గడుపుటకు పగలు ప్రతి పురుగును లెక్కలోనికి వచ్చును. పది గ్రాములు తూగని పిట్టకు ఇది ప్రాణసమస్య.

ఈ ప్రాంతపు కొండవాగులలో బ్రౌన్ డిప్పర్ అను పిట్ట తన కడుపు నింపుకొనుటకు వేరొక మార్గము కనుగొన్నది. ఇది చల్లని ప్రవాహములోనికి మునిగి, అడుగు రాళ్లను పట్టుకొని నడచుచు పురుగుల నేరుకొనును. ఒడ్డున రాతిపై కూర్చుండి తోక నాడించు రెడ్‌స్టార్ట్ పిట్టలు నీటిపై ఎగురు పురుగులను పట్టును. ఒకే వాగు, ఒకే పురుగు, కాని అంతస్తులు వేరు.

మృగముల వార్తలు

చిరుతపులిని చూడవలెనని యాత్రికులు ఎందరో కోరుదురు. అది కనబడుట అరుదు, దాని వార్త వినబడుట అరుదు కాదు. చెట్టుపై నున్న కొండముచ్చు దానిని చూచినచో దగ్గువంటి హెచ్చరికను పలుమారు చేయును. పొదలోని మొరిగెడు జింక కుక్కవలె అరచును. కణితి గంభీరముగా ఒక్కొక్క కేక వేయును. ఈ హెచ్చరికలు ఏ దిక్కు నుండి ఏ దిక్కునకు జరుగుచున్నవో గమనించినచో, కంటికి కనబడని మృగము నడచుచున్న దారి తెలియును. కాలాఢూంగీలోను, నైనితాల్‌లోను పెరిగిన జిమ్ కార్బెట్ ఈ భాషను బాల్యముననే నేర్చెను. ఆయన పేర నేడు వ్యవహరింపబడు ఉద్యానము 1936లో హేలీ జాతీయోద్యానముగా స్థాపింపబడినది. భారతదేశమున అదియే మొదటిది. 1973లో పులుల సంరక్షణ పథకము కూడ అచటనే ఆరంభింపబడినది.

నైనితాల్‌కు ఆవల, సుమారు పదిహేను కిలోమీటర్ల దూరమున నున్న పంగోట్ గ్రామము నుండి ఎదుటి చరియలను దుర్భిణితో పరిశీలించినచో, కొండమేకను పోలిన ఘోరల్ మృగము గడ్డి మేయుచు కనబడవచ్చును. ఆకసమున రాబందులు తిరుగును. వానిలో గడ్డపు రాబందు విచిత్రమైనది. దీనికి ముఖ్యాహారము ఎముకలు. మింగరాని పెద్ద ఎముకను ఎత్తుకుపోయి రాళ్లపై జారవిడిచి, పగిలిన ముక్కలను తినును.

కనబడకుండ పోయిన పూరేడు

పంగోట్ పరిసరముల నిట్రమైన గడ్డి చరియల ముందు మార్గదర్శులు తరచు యాత్రికులను నిలిపి ఒక కథ చెప్పుదురు. ఇది హిమాలయ పూరేడు కథ.

1846లో ఈ పక్షి శాస్త్రజ్ఞులచే మొదట వర్ణింపబడినపుడు, అది ఇండియాలో ఏ ప్రాంతమునకు చెందినదో కూడ తెలియదు. 1865లో ముస్సూరీ సమీపమున అది దొరకినది. మగపక్షి ముదురు బూడిదవన్నెది. ముఖమున తెల్లని, నల్లని గుర్తులు, ఎర్రని ముక్కు, ఎర్రని కాళ్లు. ఆడుది గోధుమవన్నెది. ఎత్తైన గడ్డిలో చిన్నచిన్న గుంపులుగా తిరుగును. కాలు దాదాపు మీద పడువరకు ఎగురదు. 1876లో నైనితాల్ ప్రక్కన షేర్-కా-దండా కొండ తూర్పు చరియలో ఒక పక్షిని కాల్చిరి. నిశ్చయముగా చెప్పదగిన చివరి దర్శనము అదియే. నేడు ప్రపంచమున మిగిలినవి పదిపన్నెండు ఎండు నమూనాలు మాత్రమే. వేట వలనను, గడ్డిభూములలో కలిగిన మార్పుల వలనను ఇది నశించి యుండవచ్చునని ఊహింతురు.

అయినను పక్షిశాస్త్రజ్ఞులు దీనిని పూర్తిగా నశించిన జాతులలో చేర్చలేదు. దీనికి హేతువు కలదు. ఇట్టి చరియలలోనే నివసించు చీర్ ఫెజంట్ నేటికిని మిగిలియున్నది. పిరికిదియు, ఎగురుటకు ఇష్టపడనిదియు నగు ఒక చిన్నపక్షి నిట్రమైన గడ్డిలో మనుష్యుల కంటబడకుండ నుండుట అసంభవము కాదు.

తెలుగువారికి ఈ ఆశ కొత్తది కాదు. 1848లో వర్ణింపబడిన జెర్డన్ కోర్సరు 1900 తరువాత ఎవరికిని కనబడలేదు. అది నశించినదని చాలమంది తలచిరి. 1986 జనవరిలో కడప జిల్లాలో అది మరల దొరకినది. దొరకిన విధము గమనింపదగినది. బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘమువారు ఊరూర పక్షి బొమ్మను చూపి విచారింపగా, ఒక స్థానిక వేటగాడు ఆ పక్షి ఎచట దొరకునో ఎరిగియుండెను. ఒకనాటి రాత్రి దానిని పట్టి తెచ్చెను. పుస్తకములు మరచిన ఆ పక్షికి ఊరివారి నోట కలివికోడి యని పేరు అప్పటికే కలదు. కలివి పొదలలో తిరుగుటచే దానికి ఆ పేరు వచ్చినది. అయితే అప్పుడు పట్టబడిన పక్షి బ్రతుకలేదు. కావున స్థానికుని జ్ఞానము ఎంత అవసరమో, పక్షిని ముట్టక చూచు పద్ధతియు అంత అవసరమని ఆ సంఘటన నేర్పినది.

తుపాకి నుండి దుర్భిణికి

పందొమ్మిదవ శతాబ్దమున పక్షిని గుర్తించుట యనగా దానిని కాల్చుటయే. సిమ్లాలో నివసించిన ఏ.ఓ. హ్యూమ్ సేకరించి 1885లో బ్రిటిష్ మ్యూజియమునకు ఇచ్చిన పక్షి నమూనాలు చర్మములు, గ్రుడ్లు, గూళ్లు కలిపి ఎనుబది వేలకు పైబడినవి. వాని విలువ నేటికిని తగ్గలేదు. కాని ఆనాటి తుపాకి చేసిన పనిని నేడు దుర్భిణి, ఛాయాచిత్రము, ధ్వనిముద్రణ చేయుచున్నవి.

ఈ కొత్త పరికరములకును హద్దు కలదు. ఫోనులో ముద్రించిన కూతను వినిపించినచో, తన తావులోనికి శత్రువు వచ్చినదని భ్రమించి పక్షి ఎదుటికి వచ్చును. యాత్రికునికి బొమ్మ దొరకును. కాని అంతసేపు గూడు చల్లారును, మేత పోవును. దినమునకు పది బృందములు ఇట్లు చేసినచో ఆ పక్షి ఆ తావును విడిచిపోవచ్చును. అందుచే గూళ్లు కట్టు కాలమున మంచి మార్గదర్శి కూత వినిపించడు. ఎవరైన అడిగినను, 'సార్, కొంచెము ఓపిక పట్టుడు, అదియే వచ్చును' అని మాత్రము చెప్పును. చాలసార్లు అదియే వచ్చును.

మార్గదర్శులు సామాన్యముగా ఆ గ్రామములకు చెందినవారే. పక్షులున్నంతకాలము యాత్రికులు వత్తురు. యాత్రికులు వచ్చినంతకాలము ఊరిలో కొన్ని కుటుంబములకు జీవనము జరుగును. సింధూరపు అడవిని నిలుపుటకు ఇది ఒక బలమైన కారణము. ఆ చెట్లు నేలలో తేమను నిలిపి ఊటలను కాపాడును. చీడ్ చెట్ల క్రింద రాలిన ఎండు సూదులు వేసవిలో తేలికగా అంటుకొనును. 2024 ఏప్రిల్‌లో నైనితాల్ అడవులు మండినపుడు, వాయుసేన హెలికాప్టరు భీమ్‌తాల్ సరస్సు నుండి నీరు తోడి చల్లవలసివచ్చినది. గడ్డిభూముల విషయమును ఇట్లే ఆలోచింపవలెను. గ్రామస్థులు ఏటేట గడ్డి కోయుట పూర్తిగా మానినచో పొదలు క్రమ్ముకొని చీర్ ఫెజంటుకు తావుండదు. మితిమీరి మేపినను ఉండదు. వాతావరణము వేడెక్కినకొలది పక్షులు మెట్టుమెట్టుగా పైకి జరుగగలవు. కాని కొండకు పైన మెట్లు కొన్నియే కలవు.

వ్రాసియుంచుట

యాత్ర ముగింపున ప్రతిదినమును బృందము కూర్చుండి నాడు చూచిన జాతులను, సంఖ్యలను, ఎత్తును, వేళను వ్రాసికొనును. ఇది కేవలము వినోదము కాదు. 2023లో వెలువడిన భారతదేశపు పక్షుల స్థితి నివేదిక 942 జాతులను పరిశీలించినది. దానికి ఆధారములు ముప్పదివేలమందికి పైగా పక్షిప్రియులు వ్రాసి పంపిన మూడుకోట్ల గమనికలు. వానినిబట్టి 178 జాతులకు వెంటనే రక్షణ అవసరమని తేలినది.

చూచిన పక్షినే గాక, వెదకియు చూడని పక్షిని కూడ వ్రాయవలెనని అనుభవజ్ఞులు చెప్పుదురు. ఏ చరియ, ఏ నెల, ఎంతసేపు వెదకితిరి, ఏమి దొరకలేదు అను వివరములు లేనిచో, ఒక జాతి ఎప్పుడు తగ్గినదో ఎవరును చెప్పలేరు. 1876 తరువాత నైనితాల్ చరియలలో ఇట్టి గమనికలు వరుసగా వ్రాసినవారు ఉండినచో, హిమాలయ పూరేడు ఏమైనదో నేడు తెలిసియుండెడిది. తెలుగునాట తన ఊరి చెరువుగట్టున ఉదయము అరగంట నిలిచి, కనబడిన పిట్టలను వ్రాసికొను విద్యార్థి చేయుపనియు ఇదియే. దానికి హిమాలయములదాక పోనక్కరలేదు. పోయినవారు మాత్రము ఆ అలవాటును వెంట తీసికొనిపోవలెను.